వ్రాతకెక్కని విద్య

విద్యను దొంగలు హరింపజాలరని మన పెద్దలు నమ్మిరి. ధనము పంచినకొలది తరుగును, విద్య పంచినకొలది పెరుగును గనుక దానికి కావలి యక్కఱలేదని వారి తాత్పర్యము. ఈ కాలమున విద్యకును హద్దురాళ్లు పాతబడుచున్నవి. ఒకని బుద్ధివలన పుట్టిన క్రొత్త కల్పనపై కొంతకాలమువఱకు అతనికే అధికారము నిచ్చుటను పేటెంటు హక్కందురు. యంత్రములకు చెల్లుచుండిన యీ హక్కు క్రమముగా ప్రాణమున్న వానికిని ప్రాకినది. వంగదేశమున జన్మించిన ఆనంద చక్రవర్తి చమురును హరించునట్లు మార్చిన సూక్ష్మజీవికి పేటెంటు చెల్లునని 1980లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. నాటినుండి జీవశాస్త్ర పరిశోధనాలయములలో ఈ హక్కుల వేట హెచ్చినది.

ఇది పరదేశపు వివాదము, మనకేల యని చదువరులు తలపవచ్చును. నర్సీపట్నమునుండి చూచినవారికి అట్లు తోచదు. ఈ పట్టణము మన్యమునకు వాకిలి. ఇచ్చటినుండి ఘాటుదారి నెక్కినచో చింతపల్లి, ఆ పైని పాడేరు. ఆ కొండవాలులలో బగతలు, కొండదొరలు మొదలగు గిరిజనులు పండించు పసుపు సంతలకు దిగివచ్చును. తూచి కొనువారు కలరు. వెల బేరమాడువారు కలరు. ఏ దుంపను విత్తనమునకు నిలుపవలయునో, ఏ యాకు పసరు ఏ పుండునకు పనికివచ్చునో వారు ఎవరివద్ద నేర్చిరని అడుగువారు మాత్రము అరుదు.

పసుపు గాయమును మాన్పునని మన యిండ్లలో పిల్లలు సైతము ఎఱుగుదురు. బిడ్డ మోకాలు గీసికొని వచ్చినంతనే తల్లి చేయి పసుపు డబ్బా మీదికి పోవును. అయినను 1995 మార్చిలో, గాయము మాన్పుటకు పసుపును వాడుటయే క్రొత్త కల్పనయని, అమెరికా పేటెంటు కార్యాలయము మిసిసిపి విశ్వవిద్యాలయమునకు హక్కు నొసగినది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దీనిని ప్రతిఘటించి 32 ఆధారములను చూపినది. వానిలో ప్రాచీన గ్రంథములును, 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమును గలవు. 1997లో ఆ హక్కు రద్దయినది.

రద్దయినందుకు మనమందఱము సంతసించితిమి. కాని ఏ సాక్ష్యముతో గెలిచితిమి? ఒక పద్ధతి పరదేశములలో వాడుకయందున్నంత మాత్రమున చాలదనియు, అది అచ్చయి యుండవలెననియు నాటి అమెరికా చట్టము. ఆ నియమము 2011 నాటి సవరణతో గాని తొలగలేదు. అనగా కోట్లకొలది తల్లుల చేతి పసుపు సాక్ష్యము కాలేదు. దానిని గూర్చిన కాగితము సాక్ష్యమైనది. పసుపునకు గ్రంథము కలదు గనుక బ్రతికినది. గ్రంథము లేని విద్య మాటయేమి?

మన్యమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1882 నాటి మద్రాసు అడవి చట్టమువలన పోడు వ్యవసాయముపై ఆంక్షలు పడినప్పుడు, తాతలనాటినుండి దున్నుచున్నామను మాట చెల్లలేదు. ఆ బాధయే 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యమును నడిపించిన కారణములలో నొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద నేర్పడిన నిబంధనలు గ్రామవృద్ధుల వాఙ్మూలమును సైతము సాక్ష్యముగా గ్రహించుచున్నవి. భూమి విషయమున వృద్ధుల నోటిమాట వినుటకు న్యాయమునకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ఇట్లనుటచే పరిశోధకుని శ్రమను మేము తక్కువచేయుట లేదు. ఏండ్లతరబడి ధనమును, ఆయువును వెచ్చించినవానికి ప్రతిఫలము దక్కవలసినదే. మట్టిలోని సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో జొనిపి కాయతొలుచు పురుగు నెదుర్కొనజేసిన బీటీ ప్రత్తి నిజముగ బుద్ధిమంతుల కృషియే. 2002లో మన దేశమున దానికి అనుమతి లభించినది. కాని 450 గ్రాముల సంచి 1,600 రూపాయలకు మించి పలుకగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషనును ఆశ్రయించి 2006లో వెలను 750 రూపాయలకు దింపించినది. జన్యువును చేర్చినవాడు చేర్చినదానికి కూలి కోరవచ్చును. ప్రత్తినంతటిని తానే సృజించినట్లు కోరరాదు. రైతు తన పంటనుండి విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును 2001 నాటి మన చట్టము హక్కు నిచ్చుట ఈ వివేకమువలననే.

ఇక మన తప్పును గూర్చి చెప్పవలసియున్నది. పరదేశీయులను నిందించుట సులభము. మనము మాత్రము కొండవారి విద్యను విద్యగా నెంచితిమా? నాటుమందని నవ్వితిమి, అక్షరము రానివానికి శాస్త్ర మెక్కడిదంటిమి. 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన భాండాగారము సైతము ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథములను ఆధారముగ గొన్నదే. 2002లో సవరింపబడిన మన పేటెంటు చట్టము స్థానిక సమాజముల మౌఖిక జ్ఞానమును కూడ ఆక్షేపణకు ఆధారముగ నంగీకరించినది. ద్వారము తెఱవబడినది, ఆ ద్వారమున లోనికి పోయి కొండవారి మాటను వినిపించువారే కావలయును.

అట్లని వెంటనే అంతయు వ్రాసి ప్రచురింతమనుటయు తొందరపాటే. వ్రాయనిచో మఱియొకడు తనదనును. అడుగక వ్రాసి వెలువరించినచో చెప్పినవారికి పంపకమునకు మిగులునది స్వల్పము. కేరళమున కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చనుండి మందు తయారుచేసిన పాలోడు వృక్షోద్యానపు శాస్త్రజ్ఞులు, దానివలన వచ్చిన అనుమతి రుసుములో సగము వారికి చెందునట్లు ఏర్పాటుచేసిరి. కాణులందఱి సమ్మతిని ముందుగ నడుగలేదను ఆక్షేపణ దానిపై లేకపోలేదు. ఆ లోపమును దిద్దుకొని ఆ మార్గముననే నడువవలయునని మా యభిప్రాయము: మొదట అడుగుట, పిమ్మట వారి పేరుతో వ్రాయుట, లాభము వచ్చినచో పంచుట.

నర్సీపట్నపు విద్యావంతులకు మా మనవి యొక్కటే. మన్యపు పసుపును కొనునప్పుడు వెలతోపాటు దాని కథను గూడ అడుగుడు. మీరు వినగోరుచున్నారని వారికి నమ్మకము కుదిరిననాడు గదా వారు చెప్పుట!