టార్చి వెలుగులో ఒక నంబరు



హొళగుంద దాటితే కర్ణాటక. అటు సిరుగుప్ప, ఇటు ఆదోని. రాత్రి ఆదోనిలో పోయిన బండి తెల్లారేసరికి పొలిమేర దాటిపోవచ్చు. నంబరు ప్లేటు మార్చడం దొంగకు ఎంతసేపు? చాసిస్ మీద చెక్కిన 17 అక్షరాలు, అంకెలు మాత్రం అంత తేలిగ్గా చెరగవు. గస్తీ కానిస్టేబుల్ బండి ఆపి, హ్యాండిల్ దగ్గరి బురద వేలితో తుడిచి, టార్చి వేసి ఆ నంబరును కాగితాలతో సరిచూస్తాడు. ఊరంతా నిద్రపోయే వేళ చేసే పని ఇది.

సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు వెళ్లి, మిరపకాయలు కోసి కూడబెట్టిన డబ్బు కొంత కట్టి, మిగతాది కంతుల మీద కొన్న బండ్లు మన పల్లెల్లో ఎన్నో. బండి పోయినా కంతులు ఆగవు. అందుకే బండ్లు పట్టుకొచ్చిన కానిస్టేబుల్‌కు ఎస్పీ ఇచ్చే ప్రశంసాపత్రం, చిన్నపాటి రివార్డు నా కంటికి చాలా పెద్దవి. దొరికిన బండిని స్టేషన్లో తుప్పు పట్టనివ్వకుండా త్వరగా అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అదీ జరగాలి.

ఈ ఉదయమే మీ బండి చాసిస్ నంబరు రాసి ఇంట్లో పెట్టుకోండి. రాత్రి గస్తీవాళ్లు ఆపితే విసుక్కోకుండా కాగితాలు చూపించండి.