దుఖాన్ దాకా వెళ్ళి రావడం

ఖతార్‌లో ఉంటూ మోటార్‌సైకిల్ మీద దూరప్రయాణం చేశానని చెప్పుకోవడం కొంచెం నవ్వొచ్చే సంగతే. దోహా నుంచి పడమటికి ఎనభై కిలోమీటర్లు పోతే దుఖాన్, ఆపైన సముద్రం. ఉత్తరానికి వంద దాటగానే రువైస్, మళ్ళీ సముద్రమే. సల్వా రోడ్డు పట్టుకుంటే వంద లోపే అబూ సమ్రా, అక్కడ సౌదీ సరిహద్దు. ఈ దేశానికి నేల మీద ఉన్న గుమ్మం అదొక్కటే. 2017 జూన్‌లో ఆ గుమ్మాన్ని కూడా అవతలివాళ్ళు మూసేశారు. 2021 జనవరిలో గానీ తెరవలేదు. ఆ మూడున్నరేళ్ళూ ఇక్కడ బండి మీద మోజున్నవాళ్ళు చేసిందల్లా నేల అయిపోయేదాకా వెళ్ళి వెనక్కి తిరగడం. హైదరాబాద్ నుంచి లదాఖ్ వెళ్ళొచ్చిన మిత్రుడొకడు నా ప్రయాణాల గురించి విని, "విజయవాడ వెళ్ళి టీ తాగొచ్చినంత కూడా లేదు కదరా" అన్నాడు. దూరం లేని చోట ప్రయాణానికి బరువు తెచ్చేది వాతావరణమే. అందుకే అందరూ చలికాలం కోసం ఎదురు చూస్తుంటే నేను గాలి రోజు చూసుకుని బయల్దేరతాను.

ఇందులోనే ఒక సందేహం నన్ను పీడిస్తోంది. దుమ్ములో బండి నడిపి ఇంటికొచ్చి, చెవుల్లోంచి ఇసుక కడుక్కుంటున్నప్పుడు నాలో ఒక తృప్తి. ఏదో సాధించినట్టు, కాస్త గట్టిపడినట్టు. అది నటన కాదు, ఒళ్ళంతా తెలుస్తుంది. అదే రోజు, అదే గాలిలో, నాకంటే చిన్న బండ్ల మీద, నాకంటే ఎక్కువ సేపు, వెనక చదరపు పెట్టె కట్టుకుని ఎందరో డెలివరీ కుర్రాళ్ళు దోహా అంతా తిరిగారు. వాళ్ళూ ఒక్కళ్ళే తిరిగారు. వాళ్ళ చెవుల్లోనూ అదే ఇసుక. ఆ రోజుని వాళ్ళెవరూ గొప్పగా చెప్పుకోరు, అడిగేవాళ్ళూ ఉండరు. ఒకే గాలి నాకు అనుభవమూ వాళ్ళకు డ్యూటీ ఎలా అయింది?

దీనికి జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉంది: నువ్వు ఎంచుకున్నావు, వాళ్ళు ఎంచుకోలేదు. చాలాకాలం నేనూ దాని మీదే ఆనుకున్నాను. కానీ కష్టానికి విలువ తెచ్చేది ఎంపికే అయితే, ఆ విలువ గాలికీ బండికీ సంబంధించింది కాదు, నా జీతానికి సంబంధించింది. వెనక్కి తిరిగి ఇంటికి పోగల వెసులుబాటు ఉన్నవాడి కష్టమే సాధన, లేనివాడిది వట్టి కష్టం. ఇంత అన్యాయమైన లెక్కని మనం ఇంత సులువుగా ఎలా మింగేశాం?

గమ్యం కాదు, దారే ముఖ్యం అంటారు. ఈ మాట అన్నవాడికి గమ్యం దగ్గర ఎవరూ తలుపు తీసి, పొట్లం మీద చెయ్యి పెట్టి, చల్లారిపోయిందని ముఖం మాడ్చి ఉండరు. రోజంతా దారిలోనే బతికేవాణ్ణి ఈ మాట ఎన్నడూ అడగలేదు.

ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా చేసిన ఆయన 1830 మేలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. తెలుగులో యాత్రాచరిత్ర అంటే ఇప్పటికీ ముందు ఆయన పేరే చెప్పుకుంటాం. న్యాయమే, ఆయన రాశాడు కనుక. కానీ ఆయన ఎక్కింది పల్లకీ. ఆ ఎండల్లో, ఆ వానల్లో, ఆ వాగుల్లో నడిచింది బోయీలు. ఆయన కాశీ వెళ్ళాడు. బోయీలు? వాళ్ళ కాళ్ళు కూడా కాశీ దాకా వెళ్ళాయి కదా. వాళ్ళు గంగలో మునిగితే అది యాత్రో, బరువు దించాక స్నానమో, ఎవరు తేల్చాలి? పల్లకీలో కూర్చున్నవాడికన్నా మోసినవాడికే ఆ దారి ఎక్కువ తెలుసునని మాత్రం నేను పందెం కాస్తాను.

షమాల్ గురించి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఏసీ గదిలో వేదాంతమైపోతుంది. జూన్, జూలై నెలల్లో వాయవ్యం నుంచి రోజుల తరబడి వీచే ఈ గాలిని ఇక్కడివాళ్ళు బవారిహ్ అంటారు. ఇరాక్ మైదానాల మట్టిని ఎత్తుకొచ్చి మన ముఖాన కొడుతుంది. తమాషా ఏమిటంటే, మన ఊళ్ళలోకి నైరుతి వానల్ని లాక్కొచ్చే అల్పపీడనమే పాకిస్తాన్, దక్షిణ ఇరాన్ మీదుగా పరుచుకుని ఈ గాలిని కూడా లాగుతుంది. మా అమ్మ ఫోన్లో "ఇక్కడ తొలకరి పడిందిరా" అన్న వారంలోనే ఇక్కడ ఆకాశం గోధుమరంగుకు తిరుగుతుంది. అక్కడ వానకీ ఇక్కడ దుమ్ముకీ తల్లి ఒకటే.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాను. దుఖాన్ రోడ్డు పడమటికి పోతుంది, గాలి వాయవ్యం నుంచి వస్తుంది. తిన్నగా ముఖానికి కొడితే పెద్ద బాధ లేదు, ఇది ముందూ కుడీ కలిసిన మూల నుంచి తోస్తుంది. బండిని కుడికి వాల్చి పట్టుకుంటేనే తిన్నగా పోతుంది. ఆ వాలుకి నడుమూ మోచేతులూ అలవాటు పడేలోగా కుడిపక్కకి ఒక ట్రైలర్ వస్తుంది. దాని చాటున గాలి తెగిపోతుంది, వాల్చిన బండి ట్రైలర్ వైపే లాగుతుంది. సర్దుకునేసరికి దాని ముందుకొస్తాం, ఆగిన గాలంతా ఒక్కసారి మీద పడి ఎడమకి విసురుతుంది. నూట ఇరవైకి అనుమతున్న రోడ్డు మీద కార్లన్నీ నాలుగు లైట్లూ మిణుకుమనిపించుకుంటూ అరవైలో పోతున్నాయి. తారు మీద ఇసుక తీగలు తీగలుగా అడ్డంగా పాకుతోంది. దాన్ని చూస్తూ ఉంటే రోడ్డే పక్కకి జరుగుతున్నట్టుంటుంది, అందుకని చూడకూడదు. చూపు దూరంగా పెట్టాలి, దూరంలో ఏమీ లేదు.

ఆ గంటన్నరలో నేనేం ఆలోచించానని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. జీవితం గురించి గానీ, నా గురించి గానీ ఒక్క ముక్క తట్టలేదు. గాలి, వాలు, ముందు కారు వెనక దీపం. ఒంటరి ప్రయాణంలో మనిషి తనని తాను కలుసుకుంటాడంటారు. నన్నడిగితే నేను కాసేపు లేకుండా పోయాను, అందుకే హాయిగా ఉంది. దుఖాన్‌లో చూడ్డానికేం లేదు. ఈ దేశపు మొదటి చమురు బావి తవ్వడం 1938లో అక్కడే మొదలుపెట్టారు, ఇప్పుడు కంపెనీ ఇళ్ళూ పైపులైన్లూ. నీళ్ళు తాగి తిరిగాను. తిరుగుదారిలో గాలి వెనక నుంచి. గాలీ బండీ దాదాపు ఒకే వేగంలో పోతుంటే హెల్మెట్‌లో చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. ఇరాక్ మట్టీ నేనూ పక్కపక్కనే తూర్పుకి పోతున్నాం.

షహానియాలో పెట్రోలు బంకు గోడ చాటున ఆగి మా ఆవిడకి ఫోన్ చేసి "బాగానే ఉన్నాను, వస్తున్నా" అంటుంటే పక్కనుంచి ఒక గొంతు.

"అన్నా, తెలుగోళ్ళా?"

డెలివరీ కుర్రాడు. ముఖానికి చుట్టుకున్న గుడ్డ దించితే కళ్ళ చుట్టూ మాత్రం రంగు వేరుగా ఉంది. మెట్‌పల్లి దగ్గర ఊరట. పెట్టె మీద చెయ్యి ఆనించే మాట్లాడాడు, గాలికి బండి పడిపోకుండా.

"ఎటుకేలి వస్తున్నరు?"

"దుఖాన్ నుంచి తమ్ముడూ."

"దుఖాన్ల ఏం పని?"

"పనేం లేదు. వెళ్ళి వచ్చాను."

వెక్కిరిస్తాడేమోనని చూశాను. లేదు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగుంది" అన్నాడు. బండి గురించో, వెళ్ళి రావడం గురించో తెలియలేదు. ఈ దుమ్ములో కష్టంగా లేదా అని అడిగాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది నేను వేసుకోవలసిన ప్రశ్న.

"దుమ్ము రోజే ఆర్డర్లు ఎక్కువుంటయ్ అన్నా. ఎవ్వరు బయటికి రారు గదా."

వేరే పని దొరకలేదా అన్నాను. దొరికిందట. గోదాములో, ఏసీలో. తనే వద్దన్నాడట.

"రూముల ఆరుగురం ఉంటం. గోదాంల పోతె ఆడ ఇరవై మంది. బండి మీదైతె ఒక్కణ్ణే ఉంట. హెల్మెట్ పెట్టుకున్నంక ఎవ్వడు పిలువడు." కాస్త ఆగి, "ఫోన్ పిలుస్తది. గాని అది మనిషి గాదు గదా" అని నవ్వాడు. ఈలోగా అదే పిలిచింది. ఎవరికో నాలుగు కరక్ చాయ్‌లు, రెండు చపాతీలు. గుడ్డ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను కట్టుకున్న లెక్క అక్కడ తారుమారైంది. ఎంచుకున్నవాణ్ణి నేను, ఎంచుకోనివాడు అతను అనుకుంటే, ఏసీ వదిలి గాలిని ఎంచుకున్నవాడు అతనే. ఏకాంతం కోసం నేను పెట్రోలు తగలేసి సముద్రం దాకా పోతాను, తిరిగొస్తే తలుపేసుకోవడానికి నాకో గది ఉంది. అతనికి ఈ దేశంలో సొంత గది ఆ హెల్మెట్ ఒక్కటే. ఏకాంతం విలువ మాలో ఎవరికి ఎక్కువ తెలుసు?

ఆ రాత్రి ఇంకో మెట్టు ఎక్కాను. ఫలాపేక్ష లేకుండా బండి నడిపేది నేనని కదా నా గర్వం, నాకెవరూ కూలి ఇవ్వరు కనుక. తీరా చూస్తే ఫలం మీద నా అంత ఆశపోతు లేడు. ప్రయాణం నన్ను మార్చాలి, గట్టిపరచాలి, చెప్పుకోవడానికి ఏదో మిగల్చాలి. అతనికి కావలసింది ఆ నాలుగు టీలకి వచ్చే నాలుగు రియాళ్ళు. అవి లెక్కలో పడగానే ఆ ప్రయాణం అతని నెత్తి మీదినుంచి దిగిపోతుంది. నిష్కామకర్మ ఎవరిది?

రాసుకుని చూస్తే చాలా బాగుంది. బాగుందనే అనుమానం వచ్చింది. పొట్టకూటికి దుమ్ము మింగేవాణ్ణి యోగిని చేసి కూర్చోబెడితే ఎవరికి లాభం? నాకే. యోగికి మాస్కు ఇవ్వనక్కర్లేదు, జీతం పెంచనక్కర్లేదు. "ఒక్కణ్ణే ఉంట" అన్న మాటలో ఆరుగురున్న గది మీద ఫిర్యాదు ఉంది. నేను ఏకాంతాన్ని ఏరుకుని ఫిర్యాదుని వదిలేశాను. పైగా ఖరీదైన బండి మీద వచ్చిన పెద్దవాడి ముందు ఎవరైనా తన పని గురించి రెండు మంచి ముక్కలే చెబుతారు. అతను చెప్పింది నిజమే కావచ్చు. ఆ నిజం మీద ఇల్లు కట్టే హక్కు నాకు లేదు.

ఇక్కడ ఎండకి ఒక చట్టం ఉంది. జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు పదిహేను దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదు. 2021 నుంచి ఉన్న నియమం. ఎండా తేమా గాలీ కలిపి కట్టే సూచీ 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలి. 2022 వేసవిలో బైక్ డెలివరీలనూ ఆ వేళల్లో ఆపించారు. ఆ సాయంత్రం అతను రోడ్డు మీద ఉన్నాడంటే మూడున్నర దాటింది గనుక. నేను మూడింటికే బయల్దేరాను, నన్నెవరూ ఆపలేదు. అతని ఒంటి గురించి ఒక మంత్రిత్వశాఖ గడియారం చూసుకుంటుంది, నా ఒళ్ళు నా ఇష్టం. చాలాకాలంగా నేను స్వేచ్ఛ అనుకుంటున్నది, ఆ రోడ్డు మీద నా గురించి ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేకపోవడమేనేమో. ఇది గర్వించదగ్గదో, దిగులుపడదగ్గదో తేలలేదు.

మరో దుమ్ము రోజు సాయంత్రం మా ఆవిడ, వంట వద్దు, బిర్యానీ తెప్పిద్దాం అంది. ఫోన్ చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. ఆర్డర్ పెడితే ఎవరో ఈ గాలిలో రావాలి. పెట్టకపోతే ఆ ఎవరికో ఆ డబ్బు రాదు, దుమ్ము రోజే కదా వాళ్ళకి గిరాకీ. "నువ్వు పెట్టకపోతే పక్క ఫ్లాటువాళ్ళు పెడతారు, పెట్టు" అంది ఆవిడ. నేను హెల్మెట్ తీసుకుని నేనే వెళ్ళాను. హోటలు రెండు కిలోమీటర్లు. గాలి దుఖాన్ రోడ్డు మీదలాగే ఉంది, సిగ్నల్ దగ్గర కాలు ఆనిస్తే ఇసుక మీద జారింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే ధ్యాస, పొట్లం చల్లారుతోందేమోనని. గాలిని గాలిగా చూడలేదు, ఆలస్యంగా చూశాను. ఇల్లు చేరాక చెవుల్లోంచి ఇసుక కడుక్కున్నాను గానీ, ఎప్పుడూ వచ్చే ఆ తృప్తి రాలేదు.

అయితే పని తగిలిస్తే చాలు, ప్రయాణం చచ్చిపోతుందా? అలా అనుకోబోయాను, మెట్‌పల్లి కుర్రాడు అడ్డొచ్చాడు. అతనికి పొట్లాలతోనే ఏకాంతం దొరుకుతోంది. నాకు రెండు కిలోమీటర్లకే కరువైంది. అలవాటు మీద వస్తుందేమో, అవసరం మీద వస్తుందేమో. లేదా అతనికీ రావడం లేదేమో, నాతో ఆ మాట అనడానికే అన్నాడేమో. ఏ డెలివరీ కుర్రాడికో దక్కవలసిన ఆ నాలుగు రియాళ్ళు మాత్రం నా జేబులోనే మిగిలాయి. వచ్చే బవారిహ్‌కి మళ్ళీ దుఖాన్ వెళ్తావా అంటే, వెళ్తాను. బండికి గాలి ఫిల్టరు మార్పించాను కూడా.