ఋతువు మన చేతిలో నున్నప్పుడు

కార్తికమాసమున నాగులచవితినాడు చంద్రపురములోని తెలుగువారు పుట్టకడకు పోయి, మ్రొక్కి, మరలి వత్తురు. పాము తన యింట నుండును. మనము మన యింటికి వత్తుము. పామును ఇంటికి దెచ్చి పెట్టెలో నుంచి పెంచుట దీనికి భిన్నమైన వ్యవహారము. దాని ధర్మమును విచారించుట యుక్తము.

నాగుపాము, కొండచిలువ, జెర్రిపోతు వంటి మన దేశపు పాములను ఇంట పెంచుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. కావున ఈ అభిరుచి గలవారు ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌ను, అమెరికాకు చెందిన కార్న్ స్నేక్‌ను తెచ్చుకొందురు. వాని పిల్లలకు ధర పలుకును. అందుచే ఒక ప్రశ్న పుట్టినది: ఒకే ఋతువులో ఆడపాముచేత రెండుమారులు గ్రుడ్లు పెట్టింపవచ్చునా?

పెట్టింపవచ్చుననుటలో సందేహము లేదు. కార్న్ స్నేక్ ఒకసారి గ్రుడ్లు పెట్టిన పిమ్మట, వెచ్చదనమును ఆహారమును సమృద్ధిగా లభించినచో, మగపాముతో మరల కలియకయే, దాచుకొనిన బీజముతో ఆ యేడే రెండవమారు పెట్టగలదు. కాని గ్రుడ్లు ఊరక రావు. తల్లి కొవ్వు, కండ, ఎముకలలోని సున్నము వానిలోనికి పోవును. తేరుకొనని తల్లికి గ్రుడ్డు అడ్డుపడి ప్రాణాపాయము కలుగవచ్చును. కొండచిలువ జాతులలో తల్లి గ్రుడ్లను చుట్టుకొని రెండు నెలలు దాదాపు నిరాహారముగా నుండును. పెంచువారు గ్రుడ్లను తీసి యంత్రములో పొదిగించినచో, ఆ తల్లి త్వరలోనే మేతకు వచ్చును.

“పాము తినుచున్నది, పెట్టుచున్నది, ప్రకృతియే అంగీకరించినది గదా” అని పెంచువారు వాదింతురు. ఈ వాదములో లోపమున్నది. అడవిలో చలి, కరవు, వాన పామునకు హద్దులు. మేత చాలని యేట అది గ్రుడ్లు పెట్టకయే గడుపును. పెట్టెలో ఆ హద్దులన్నియు పెంచువాడే తొలగించినాడు. వేడిమి అతనిది, మేత అతనిది, ఋతువే అతనిది. ఇక శరీరము పనిచేయుటను సమ్మతిగా నెంచుట న్యాయము కాదు. ప్రకృతి పెట్టిన హద్దును తీసివేసినవాడు తానే హద్దుగా నిలువవలెను.

అట్లని రెండవమారు గ్రుడ్డు పెట్టించుట సర్వత్ర దోషమని మేము చెప్పము. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు వలన మన దేశమున తెల్లవీపు రాబందులు 99 శాతమునకు పైగా నశించినవి. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. హర్యానాలోని పింజోర్ కేంద్రమున ఏడాదికొక్క గ్రుడ్డే పెట్టు ఈ పక్షి మొదటి గ్రుడ్డును తీసి యంత్రమున పొదిగించి, జంటచే రెండవ గ్రుడ్డు పెట్టించు పద్ధతిని ప్రయోగించిరి. ఆ కేంద్రమునుండి 2024 జనవరిలో కొన్ని రాబందులను మన జిల్లాలోని తాడోబా అడవికి, బోటెఝరికి దెచ్చిరి. తరువాత విడిచినవానిలో కొన్ని మరణించినవి కూడ. సదుద్దేశము ఫలమునకు హామీ కాదు. అయినను అచట పుట్టిన పిల్ల కొరకు ఆకాశము ఎదురుచూచుచున్నది. పెట్టెలో పుట్టిన పాముపిల్లకు మరియొక పెట్టె తప్ప చోటు లేదు. కొనువాడు విసిగి విడిచినచో పరదేశపు నేలపై దానికి దిక్కును లేదు, ఇచటి జీవులకు దానివలన క్షేమమును లేదు.

చట్టము కొంతదూరము వచ్చినది. 2022 నాటి సవరణయు 2024 నాటి నియమములును అంతర్జాతీయ పట్టికలోని విదేశీ జంతువుల పుట్టుకను, చేతులు మారుటను, చావును నమోదు చేయుమనుచున్నవి. బాల్ పైథాన్ ఆ పట్టికలోనిది. కార్న్ స్నేక్ కాదు. ఆడకుక్కచే ఏడాదికి ఒక ఈతకు మించి ఈనింపరాదని 2017 నాటి నియమములు శాసించినవి. పామునకు అట్టి హద్దు యజమాని మనస్సే.

మన పల్లెలలో పాలు పిదుకునప్పుడు దూడకొక చన్ను విడుచు వాడుక గలదు. ఆవు అడుగలేదు, శాసనమును లేదు. అయినను చేయి అచట ఆగును. పామును పెంచువాడు రెండవ జతకట్టుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. తల్లి తేరుకొన్నదా? పుట్టబోవు ప్రతి పిల్లకును జీవితాంతము చోటున్నదా? ఈ రెంటికిని నిశ్చయముగా అవునని చెప్పలేనివాడు ఆ యేటికి ఆ పామును విశ్రమింపనిచ్చుటయే ధర్మము.