కాదనగల హక్కు

సాయం చేయవచ్చినవాడిని కాదనే హక్కు సాయం పొందేవాడికి వున్నదా? వున్నదనే అందరమూ అంటాం. కాని ఆ "కాదు" అనే మాట సాయం చేసేవాడి ద్వారానే బయటికి రావలసివుంటే ఆ హక్కు ఏమవుతుంది?

అమెరికాలో బధిరులకు వీడియో రిలే అనే సదుపాయం వున్నది. బధిరుడు తెరముందు సంజ్ఞలతో చెబుతాడు. మధ్యనున్న దుబాసీ దాన్ని అవతలివారికి ఫోనులో వినిపించి, వారి జవాబును సంజ్ఞలలో చూపిస్తాడు. 1990 నాటి వికలాంగుల చట్టం పునాదిగా వచ్చిన హక్కు ఇది. వాడుకునేవారు పైసా చెల్లించనక్కరలేదు; టెలిఫోను కంపెనీలనుంచి వసూలయ్యే నిధి ఖర్చు భరిస్తుంది. అయితే సేవను నడిపేవి ప్రైవేటు కంపెనీలు. వాటికి ముట్టేది నిమిషాల లెక్కన. కీలకమంతా ఇక్కడే వున్నది. నిమిషమే రాబడి అయినప్పుడు బధిరుని మాటే సరుకవుతుంది. మా దగ్గర చేరండి, ఇంకా మాట్లాడండి అని వెంటపడడం మొదలవుతుంది. బూటకపు పిలుపులతో నిధిని కాజేశారని 2009లో 26 మందిపై అక్కడి ప్రభుత్వమే నేరారోపణ చేసింది. వినియోగదారు అనుమతి లేకుండా అతన్ని మరో కంపెనీకి మార్చరాదని 2013లో నిబంధన తేవలసివచ్చింది. విసిగి అన్నిటినీ వదిలేద్దామంటే బయటి ప్రపంచంతో అతని మాటే తెగిపోతుంది. మరొక కంపెనీకి పోవచ్చు. అదీ నిమిషాలు లెక్కపెట్టేదే.

ఇది దూరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. చెవులు బాగానే వున్నా, గొంతు ఇతరుల చేతిలో వున్నవారు మన అడవి అంచునా వున్నారు. 2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా వేసే కార్యక్రమం మొదలయింది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. ఆశ్రమ హాస్టళ్లలోని గిరిజన బాలికలూ అందులో వున్నారు. తల్లిదండ్రులు గూడెంలో, పిల్ల హాస్టల్లో. మరి అంగీకారం ఎవరిది? 9,543 అంగీకార పత్రాలలో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవేనని, 1,948 వేలిముద్రలు పడినవని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తేల్చింది. 2010 ఏప్రిల్‌లోనే కార్యక్రమం ఆగిపోయింది. మధ్యలో సంభవించిన బాలికల మరణాలకు టీకా కారణమై వుండకపోవచ్చునని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే కావచ్చు. మన వాదం దానిమీద కాదు.

"వార్డెను పిల్లల మేలు కోరేవాడే కదా" అని ఉదారవాదులు అడుగుతారు. కోరవచ్చు. దుబాసీ కూడా ఉత్తముడే కావచ్చు. ప్రశ్న వ్యక్తుల గుణానిది కాదు, వ్యవస్థలో వారున్న స్థానానిది. పై అధికారికి జవాబు చెప్పుకోవలసిన వార్డెను పిల్ల తరఫున "వద్దు" అని ఎలా రాయగలడు? నిమిషాలమీద బతికే కంపెనీ "మాట్లాడింది చాలు" అని ఎందుకంటుంది? అడిగేవాడూ జవాబు చెప్పేవాడూ ఒక్కడే అయినచోట అంగీకారం అనే మాటకు అర్థం లేదు.

కాబట్టి సేవ ఉచితమా కాదా అని చూస్తే చాలదు. దాన్ని నడిపేవాడికి దేని లెక్కన ముడుతున్నదో, కాదన్నవాడి మాట ఎవరి పుస్తకంలో నమోదవుతున్నదో చూడాలి. మాట మోసేవాడి జీతం మాటల లెక్కమీద ఆధారపడరాదు. సంతకం చేసేవాడు అడిగేవాడి కింద పనిచేసేవాడు కారాదు.

ప్రజల పక్షాన మాట్లాడుతున్నామనే మనమూ ఈ పరీక్షకు అతీతులం కాము. సభలో, తరగతిలో, వ్యాసంలో మనం ఎవరి గొంతుగా నిలబడుతున్నామో, వారు మనల్ని కాదనడానికి దారి వుంచామా? ఆ దారి మూసి మనం చేసే సాయం, ఎంత గొప్పదైనా, వారి గొంతుమీద పెత్తనమే.