ఐదు గొంతుల ఆఖరి వేషం

1930 జులైలో అమెరికాలో విడుదలైన ‘ది అన్‌హోలీ త్రీ’ హాలీవుడ్ మూకీ నటుడు లాన్ ఛానీ గొంతు వినిపించిన ఒకే ఒక్క సినిమా. ఆయన ఆఖరి సినిమా కూడా అదే. ఆ ఏడాది ఆగస్టు 26న, 47 ఏళ్లకే, లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. ఈ సినిమా చూసినప్పుడల్లా నన్నో ప్రశ్న వెంటాడుతుంది. మాటలొచ్చాకే సినిమాకి నిండుదనం వచ్చిందంటాం కదా, మరి అంతకుముందు ఈ మనిషి నటనలో ఏం తక్కువైంది?

ఛానీ 1883లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. అమ్మకీ నాన్నకీ వినపడదు. 1874లో కొలరాడో రాష్ట్రంలో బధిరుల పాఠశాల పెట్టింది ఆయన మాతామహుడే. తల్లి కీళ్లవాతంతో మంచాన పడితే, ఊళ్లో ఎవరేం చేశారో, ఎవరెలా నడిచారో ఈ పిల్లవాడు ఆమె ఎదుట అభినయించి చూపేవాడట. మనసులో మాట చేరవెయ్యడానికి ఒక కనుబొమ, ఒక భుజం, ఒక వేలికొస చాలునని ఆయనకి ఆ మంచం పక్కనే తెలిసింది. 1923లో నాటర్‌డామ్ గూనివాడిగా, 1925లో ఒపేరా ఫాంటమ్‌గా కోట్లమందిని కదిలించింది ఆ విద్యే. మేకప్ కూడా తానే వేసుకునేవాడు. లోకం ఆయన్ని ‘వెయ్యి ముఖాల మనిషి’ అంది.

1927 అక్టోబరులో తెరమీద మాటలు వినిపించిన ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. ఆ తర్వాత రెండుమూడేళ్లలో హాలీవుడ్ అంతా టాకీల బాట పట్టింది. ఛానీ మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఎమ్‌జీఎమ్ వాళ్లు ఎంచిన కథ 1925లో ఆయనే మూకీగా చేసిన ‘ది అన్‌హోలీ త్రీ’. అందులో నాయకుడు ప్రొఫెసర్ ఎకో బొమ్మ చేత మాట్లాడించే వెంట్రిలాక్విస్టు. ముసలమ్మ వేషంలో చిలకలు అమ్ముతూ, దొంగతనాలకి దారి వేస్తుంటాడు. నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీ వింటూ పెరిగిన మనకి ఆ విద్య ప్రాణమంతా శబ్దంలోనే ఉందని వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పాత్రని శబ్దమే లేని సినిమాలో మొదటిసారి నిలబెట్టాడు. జనం నమ్మారు.

టాకీలో ఎకో గొంతు, ముసలమ్మ గొంతు, బొమ్మ గొంతు, చిలక గొంతు, ఒక అమ్మాయి గొంతు, ఐదూ ఆయనవే. అవన్నీ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాడు, స్టూడియో దాన్ని ప్రచారానికి వాడుకుంది. యంత్రాలు ఎవరి గొంతునైనా పుట్టిస్తున్న ఈ రోజుల్లో ఆ కాగితం గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. జీవితమంతా ముఖాలు మార్చినవాడిని ఇది నీ ముఖమేనా అని ఎవరూ అడగలేదు. గొంతు విప్పగానే సాక్ష్యం కావాల్సొచ్చింది.

ఆ టాకీలో న్యాయస్థానం దృశ్యం దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ముసలమ్మ బోనెక్కింది. విగ్గు చక్కగా ఉంది, గౌను కుదిరింది, వంగిన వీపు కూడా అచ్చం ముసలమ్మదే. ప్రశ్నలు గుచ్చుతుంటే ఒక్క క్షణం పట్టు తప్పి మగగొంతు బయటికొస్తుంది. అంతే, గుట్టు రట్టు. కళ్లని అంతసేపు నమ్మించిన దేహం చెక్కుచెదరలేదు, గొంతే పట్టించింది. ఛానీ దృష్టిలో గొంతు అతికించుకున్న మరో వేషమనీ, ఆయన సొంత భాష దేహమేననీ నాకనిపించేది ఇక్కడే. చివర్లో జైలుకి వెళ్తూ రైలు వెనక నిలబడి చెయ్యి ఊపుతాడు. తెరమీద ఆయన్ని చూడడం అదే ఆఖరు.

అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ లోపల ముదిరింది. గొంతులో రక్తస్రావమై ఆఖరి రోజుల్లో మాట పడిపోయింది. అప్పుడాయన తల్లిదండ్రులతో మాట్లాడిన చేతుల భాషలోనే తనవాళ్లకి చెప్పాల్సింది చెప్పుకున్నాడు. లోకం ఐదు గొంతులకి చప్పట్లు కొట్టింది. ప్రాణం మీదికొచ్చిన వేళ ఆదుకున్నది మాత్రం అమ్మ దగ్గర నేర్చిన భాష. దీన్ని విషాదమని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పదు. ఎంత పోయినా పోకుండా మిగిలే భాష ఒకటి ఉండడం ఏ మనిషికైనా భాగ్యమే.

నోటి మాటనే మాటగా లెక్కపెట్టే అలవాటు మనలో బలంగా ఉంది. అందుకే మూకీని అసంపూర్ణ కళ అనుకుంటాం, వినపడని మనిషికి చెప్పడానికేమీ లేదనుకుంటాం. రెండూ తప్పే. వీలైతే 1925 నాటి సినిమా ముందు చూడండి, 1930 నాటిది ఆ తర్వాత చూడండి. మీ ఇంట్లోనో వీధిలోనో వినపడని పిల్లలుంటే, వాళ్లు మనలా మాట్లాడాలని పట్టుబట్టే ముందు వాళ్ల చేతుల భాష నాలుగు ముక్కలైనా మనం నేర్చుకుందాం.