నారదమహర్షి చెప్పిన తన కథ



పండుగ రోజులలో మన దేవాలయంలో భాగవత ప్రవచనం జరిగేటప్పుడు పెద్దలమంతా ముందు వరుసలలో కూర్చుంటాము. పిల్లలు మాత్రం ప్రసాదం వేళ దాకా హాలు బయటే ఉంటారు. “మా పిల్లలు వినరండీ” అని ఒకరితో ఒకరం చెప్పుకుని బాధపడుతూ ఉంటాము. వారు వినాలనిపించేలా మనం చెబుతున్నామా? ఈ పండుగకు ఆ ప్రశ్న మనమే వేసుకుందాము.

దీనికి జవాబు భాగవతం ప్రథమ స్కంధంలోనే ఉన్నది. వ్యాసమహర్షి వేదాలను విభజించారు, మహాభారతం రచించారు. అయినా మనసులో ఏదో వెలితి. సరస్వతీ నదీతీరాన దిగులుగా కూర్చుని ఉండగా నారదమహర్షి వచ్చారు. శ్రీహరి లీలలను తనివితీరా వర్ణించకపోవడమే ఆ వెలితికి కారణమన్నారు. ఆ ఉపదేశంతో ఆపక, తన పూర్వజన్మ కథ చెప్పడం మొదలుపెట్టారు.

ఆ జన్మలో ఆయన ఒక దాసీపుత్రుడు. వానాకాలంలో ఒకచోట నిలిచిన సాధువులకు సేవ చేశాడు. వారి అనుమతితో వారు తినగా మిగిలినది తిన్నాడు. వారు పాడే కృష్ణకథలు రోజూ విన్నాడు. ఇంతవరకు చెప్పేసరికి, అంతటి వ్యాసులవారు కూడా చిన్నపిల్లవానిలా, ఆ సాధువులు వెళ్ళిపోయాక ఏమి చేశావని అడిగారు!

అప్పుడు నారదులవారు మిగతాది చెప్పారు. తనకు ఐదేళ్ళప్పుడు తల్లి రాత్రివేళ ఆవుపాలు పితకడానికి వెళ్ళి పాముకాటుతో మరణించింది. దిక్కులేని ఆ బాలుడు అడవికి పోయి రావిచెట్టు క్రింద ధ్యానం చేస్తే, స్వామి హృదయంలో ఒక్కసారి కనిపించి మాయమయ్యాడు.

దేవర్షి అంతటివారు తన పేదరికం దాచలేదు, కన్నీరు దాచలేదు. మరి మనం? పిల్లలకు మన చదువులు, ఉద్యోగాలు, ఇళ్ళ సంగతి చెబుతాము. రెండు సూట్‌కేసులతో దిగిన మొదటి చలికాలం చెప్పము. వేపపువ్వు దొరకని ఉగాది చెప్పము. మనలో కొందరం తండ్రి పోయారన్న వార్త ఫోనులో విని, కడచూపుకు అందుకోలేక, తెల్లవార్లూ దేవుని పటం ముందు కూర్చున్నాము. ఆ రాత్రి సంగతి పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా? అది తెలియని బిడ్డకు మనం రోజూ దీపం ఎందుకు వెలిగిస్తామో ఎలా తెలుస్తుంది?

అయితే ఒక జాగ్రత్త. నారదులవారి కథ సొంతడబ్బా కాదు. అందులోని మేలంతా సాధువుల దయకు, స్వామి అనుగ్రహానికే చెందింది. మన కథ కూడా గుడిగోపురం వంటిది కావాలి. దూరం నుంచి రప్పించాలి, లోపలున్న స్వామిని చూపించాలి. “మేమింత కష్టపడ్డాము, మీరేమో...” అని ముగిస్తే పిల్లలు మళ్ళీ హాలు బయటకే పోతారు.

ఈ అష్టమినాడు ఇంట్లో చిన్నికృష్ణుని పాదాలు వేశాక, ఉయ్యాల దగ్గర కూర్చుని ఒక్క కథ చెప్పండి. మీదే, నిజమైనది. “ఆ తరువాత ఏమైంది?” అని బిడ్డ అడిగితే అప్పుడు కృష్ణకథ ఎత్తుకోండి. నారదుల కథ విన్న వ్యాసులవారు భాగవతం రచించి, మొదట చెప్పినది తన కుమారుడైన శుకునికే కదా!

శ్రీకృష్ణార్పణమస్తు.