భరతుని లేడిపిల్ల, మన పిల్లికూనలు

ఆస్ట్రేలియాలో వసంతం సెప్టెంబరులో అడుగుపెడుతుంది. శీతకాలం చివర పగటిపొద్దు పెరుగుతుండగా ఆడపిల్లులు ఎదకు వస్తాయి. సుమారు తొమ్మిది వారాల అనంతరం ఈనుతాయి. నాటినుండి ఇక్కడి ఆకురాలు కాలం వరకు ఈ దేశపు జంతు సంరక్షణ కేంద్రాలకు అట్టపెట్టెలలో, తువాళ్ళ మడతలలో పిల్లికూనలు చేరుతూనే ఉంటాయి. కొన్నింటి తల్లి రోడ్డు ప్రమాదంలో మరణించి ఉంటుంది. కొన్నింటిని ఎవరో గోదాములోనో, తోటషెడ్డు కిందనో చూచి, తల్లి జాడ తెలియక తెచ్చి ఉంటారు. అప్పుడే పుట్టిన కూన బరువు దాదాపు 100 గ్రాములు. కళ్ళు తెరచి ఉండవు, చెవులు విచ్చుకొని ఉండవు. దానిని బ్రతికించవలెనంటే ఒక మనిషి కొన్ని వారాలపాటు తన నిద్రను విడిచిపెట్టాలి.

ఆ మనిషి సాధారణంగా జీతానికి పనిచేసేవారు కారు. సంరక్షణ కేంద్రం నడిపే ‘ఫాస్టర్ కేర్’ కార్యక్రమంలో పేరు నమోదు చేసుకొన్న గృహిణి కావచ్చు, విద్యార్థి కావచ్చు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి కావచ్చు. ఈ సేవను తలచినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇది ధర్మమా, లేక ముద్దుగా కనబడే ప్రాణిపై కలిగే మోహమా? భూతదయను గురించి మన ఇళ్ళలో, ఆలయాలలో ఎంతో చెప్పుకొంటాము. ఆ మాటకు హద్దులేమిటో, వ్యయమెంతో తెలియవలెనంటే ఇటువంటి చిన్న పనిని దగ్గరగా పరిశీలించడం మేలు.

మొదట పని ఎటువంటిదో చూద్దాం. తొలివారంలో కూనకు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, అర్ధరాత్రి అయినా సరే. ఆవుపాలు పనికిరావు. మన ఇళ్ళలో పాలంటే అమృతమే. పిల్లికీ పాలకీ ఉన్న చుట్టరికం సామెతలకెక్కినది. అయినా కూన పెరుగుదలకు కావలసినన్ని మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో లేవు. పైగా అందులోని లాక్టోజ్ వల్ల విరేచనాలు పట్టుకొని, ఒంట్లోని నీరు పోయి, ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత పిల్లికూనల కొరకే తయారైన పాలపొడిని కలిపి ఇవ్వాలి. పసిబిడ్డను పడుకోబెట్టినట్లు వెల్లకిల ఉంచి పట్టరాదు. తల్లి పొదుగు దగ్గర ఉన్నట్లే బోర్లా ఉంచాలి, లేకుంటే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. ఒళ్ళు చల్లబడిన కూనకు పాలే పట్టరాదు, ఎందుకంటే చల్లని శరీరం ఆహారాన్ని జీర్ణం చేసుకోలేదు. ముందు వెచ్చదనం, ఆ పిమ్మట ఆకలి. తన వేడిని తాను నిలుపుకొనే శక్తి దానికి ఇంకా రాలేదు కనుక తొలివారంలో పక్కను దాదాపు 30 డిగ్రీల వద్ద ఉంచుతారు. మలమూత్ర విసర్జన కూడ దానికి స్వయంగా రాదు. తల్లి ఉంటే నాకి చేయిస్తుంది; తల్లి లేనిచోట తడిపిన దూదితో మనిషి తుడవాలి, సుమారు మూడు వారాల వయసు వరకు.

ప్రతిదినం ఒకే వేళకు తూచి బరువును పుస్తకంలో వ్రాయాలి. రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరిగితే క్షేమం. తగ్గితే వెంటనే వైద్యునికి తెలియజేయాలి. ఏడు నుండి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు తెరుచుకొంటాయి. నాలుగు వారాల ప్రాంతంలో మెత్తని ఆహారం తినడం నేర్చుకొంటాయి. ఎనిమిది వారాలకు, దాదాపు ఒక కిలో బరువుకు వచ్చినప్పుడు, ఇక్కడ ‘డీసెక్సింగ్’ అని పిలిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, మైక్రోచిప్ అమర్చి, శాశ్వతంగా పెంచుకొనేవారికి అప్పగిస్తారు.

శ్రీవైష్ణవ సంప్రదాయంతో పరిచయమున్నవారికి ఈ వివరాలు ఒక పాత దృష్టాంతాన్ని గుర్తుకు తెస్తాయి. భగవంతుడు జీవుని ఎట్లా కాపాడుతాడన్న విచారణలో పెద్దలు రెండు ఉపమానాలు చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొని వ్రేలాడుతుంది. తల్లి కొమ్మనుండి కొమ్మకు దూకినా పట్టు విడువదు. ఇది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు. తల్లియే దాని మెడ వెనుక చర్మాన్ని నోట కరచుకొని సురక్షితమైన చోటికి చేరుస్తుంది. ఇది మార్జాలకిశోర న్యాయం. వేదాంతదేశికుల మార్గాన నడిచే వడగలై వారు మొదటిదానిని, పిళ్ళై లోకాచార్యుల మార్గాన నడిచే తెంగలై వారు రెండవదానిని ప్రధానంగా చెబుతారు.

ఈ రెండవ ఉపమానంలో తల్లి ఉన్నదన్న సంగతిని ముందే ఒప్పుకొన్నాము. తల్లి లేని కూన మాటేమిటి? దాని వైపునుండి ప్రయత్నమంటూ ఏదీ ఉండదు. మనం ఉపకారం చేసేటప్పుడు పాత్రతను వెదకడం అలవాటు: అడిగినవాడు యోగ్యుడా, కష్టపడతాడా, చేసిన మేలు గుర్తుంచుకొంటాడా అని చూస్తాము. ఈ కూన అడగనైనా అడగలేదు. ఎనిమిది వారాల తరువాత వేరొక ఇంటికి వెళ్ళి, పాలు పట్టిన చేతిని మరచిపోతుంది. దాని నిస్సహాయత తప్ప దానికి వేరే అర్హత లేదు. ఆ ఒక్క అర్హతే చాలునని అంగీకరించగలమా అన్నదే ఈ సేవ మనను అడిగే మొదటి ప్రశ్న. శరణాగతిని నమ్మేవారు కాదనడం కష్టం. తాము దేవుని ముందు నిలిచేది ఆ అర్హతతోనే గదా!

అయితే జాలి ఒక హృదయంలో పుట్టినా, వందల కూనలను నిలబెట్టేది వ్యవస్థ. ఆర్.ఎస్.పి.సి.ఏ. సంస్థకు ఈ గడ్డపై మూలం విక్టోరియాలో 1871లో వెలసిన జీవరక్షణ సంఘం. మెల్బోర్న్‌లోని లాస్ట్ డాగ్స్ హోమ్ 1910 నాటిది. పేరులో కుక్కలే ఉన్నా పిల్లులనూ చేర్చుకొంటుంది. మన హైదరాబాదులో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ సంస్థను స్థాపించారు. పసికూనలను ఇళ్ళకు పంపి పెంచే కార్యక్రమంలో సంస్థ సాధారణంగా పాలపొడి, సీసాలు, వేడిపరుపు, వైద్యం సమకూరుస్తుంది. ఇంటివారు సమకూర్చేది కాలం, ఓర్పు. ఈ రెండింటి మధ్య నిలిచి నడిపించే నిర్వాహకురాలు ఎవరికి అనుభవమున్నదో, ఎవరి ఇంట రాత్రివేళ మెలకువగా ఉండగలవారున్నారో, ఎవరు అలసిపోయారో కనిపెట్టి ఉండాలి.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన పిల్లలందరికీ తెలుసు. ఎలుకల బాధ పోవడానికి శ్రీకృష్ణదేవరాయలు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకొరకు ఒక ఆవును ఇచ్చాడట. రామకృష్ణుడు మొదటిరోజే కాగే పాలు ముందుంచాడు. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలగిన్నెను చూస్తేనే పారిపోయింది. ఆవుపాలన్నీ ఇంటివారే తాగారు. కవి చాతుర్యానికి నవ్వుకొంటాము. ఈ కథను పిల్లి వైపునుండి చదివితే మరొకటి తెలుస్తుంది. రాజు ఉదారంగానే ఇచ్చాడు; ఇచ్చిన తరువాత కొన్నాళ్ళపాటు ఎవరూ వెళ్ళి చూడలేదు. నేటి కార్యక్రమంలో బరువుల పుస్తకం, వారం వారం పరీక్ష ఉన్నది అందుకే. పాల వేడిని ముందుగా మణికట్టుపై ఒక చుక్క వేసి చూడమని క్రొత్తగా వచ్చినవారికి నేర్పడం కూడ అందుకే.

ఇక ఆక్షేపణలకు వద్దాం. మొదటిది మన పురాణమే చెప్పినది. భాగవత పంచమస్కంధంలో, తెలుగున గంగన రచించిన భాగంలో, భరతుని కథ ఉంది. రాజ్యాన్ని విడిచి గండకీ తీరాన తపస్సు చేసుకొంటున్న ఆ మహారాజు ఒకనాడు నీళ్ళు తాగుతున్న నిండుచూలాలైన లేడిని చూశాడు. సింహగర్జనకు బెదిరి అది ఏటికి అడ్డంగా దూకింది, గర్భం జారి పిల్ల ప్రవాహంలో పడింది, తల్లి మరణించింది. భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచాడు. క్రమంగా జపం సడలింది, నియమాలు తప్పాయి, మనసంతా లేడిపిల్లయే అయింది. అంత్యకాలంలోనూ దానినే తలచి, మరుజన్మలో లేడిగా పుట్టాడు. తల్లిలేని కూనలను పెంచేవారికి ఇంతకంటె సూటియైన హెచ్చరిక మరొకటి ఉండదు.

ఈ కథను విని, దయ చూపడమే పొరపాటని కొందరు అర్థం చెబుతారు. అట్లా అయితే భరతుడు ఏటిలో కొట్టుకొనిపోతున్న పిల్లను చూస్తూ ఊరకుండవలసినదా? అట్టి తపస్సును ఎవరు మెచ్చుకొంటారు? రక్షించడం ధర్మమే. చిక్కు తరువాత వచ్చింది. భరతుడు ఒంటరిగా పెంచాడు. ఆ పెంపకానికి ఒక గడువు లేదు. లేడిపిల్ల పెద్దదై తన మందలో కలిసే నాటికి తాను సిద్ధపడలేదు. కూనల కార్యక్రమంలో గడువు మొదటిరోజే తెలిసి ఉంటుంది. ఎనిమిది వారాలు, ఒక కిలో బరువు, ఆపైన వీడ్కోలు. అప్పగించే రోజున కన్నీరు పెట్టేవారు ఉంటారు. అదే వారు తమవద్దనే ఉంచుకొంటే, తరువాత వచ్చే కూనకు ఆ ఇంట చోటు ఉండదు. మమకారం లేకుండ అర్ధరాత్రి లేవడం సాధ్యం కాదు; మమకారమే మిగిలితే విడవడం సాధ్యం కాదు. రెండింటినీ ఒకే హృదయంలో ఇముడ్చుకోవడం ఈ సేవలోని తపస్సు. ఫలాపేక్ష లేని కర్మను గురించి గీతాతరగతిలో వింటాము. ఆ మాటకు అర్థం పాలసీసా కడిగి అప్పగించే నాడు తెలుస్తుంది.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది, ఈ దేశానికే చెందినది. ఆస్ట్రేలియాలో పిల్లి స్వదేశీ ప్రాణి కాదు. 1788లో మొదటి నౌకాదళంతో వచ్చిన వలసదారుల వెంట వచ్చింది. నేడు అడవిపట్టిన పిల్లుల సంఖ్యను వానలు తక్కువైన ఏళ్ళలో 21 లక్షలుగా, వానలు మెండైన ఏళ్ళలో 63 లక్షల వరకు శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అవి ఏటా వందకోట్లకు పైగా స్వదేశీ ప్రాణులను చంపుతాయి. ఈ ఖండం నుండి అంతరించిన ఇరవైకి పైగా క్షీరదజాతుల వినాశంలో పిల్లికి పాలున్నది. బిల్బీ, నంబాట్ వంటివి నేటికీ దాని వాతబడుతున్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా నిజం. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళినవారు, 1879లో ఏర్పడిన రాయల్ నేషనల్ పార్కు అడవిని దారిలో చూసి ఉంటారు. ఆ పొదలలోని పక్షికి పిల్లికూనను గురించి మనం ఏమని సమాధానం చెప్పగలము?

శిబిచక్రవర్తిని డేగ అడిగినది ఈ ప్రశ్ననే. శరణుజొచ్చిన పావురాన్ని కాపాడితే ఆకలిగొన్న నా గతి ఏమిటి, ఒకరిపై దయ మరొకరిపై అన్యాయం కాదా అన్నది. శిబి ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. పావురాన్ని విడువలేదు, డేగను తరిమివేయలేదు. తన తొడ కోసి మాంసాన్ని త్రాసులో పెట్టాడు. దయ చూపినవాడే ఆ దయకు మూల్యం చెల్లించాలి, ఆ భారాన్ని మూడవప్రాణిపై వేయరాదు అన్నది ఆ కథలోని న్యాయమని నా అభిప్రాయం.

పిల్లి విషయంలో ఆ మూల్యం తొడమాంసమంతటిది కాదు. కూన పెద్దదై మరిన్ని కూనలను కనకుండా శస్త్రచికిత్స చేయించడం, ఇంటి నుండి స్వేచ్ఛగా తిరగనీయకపోవడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2011 నాటి పిల్లుల చట్టం ప్రకారం ఆరు నెలలు నిండిన పిల్లికి శస్త్రచికిత్స, మైక్రోచిప్, నమోదు తప్పనిసరి. కాన్‌బెర్రాలో 2022 జులై 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లులను యజమాని ఆవరణలోనే ఉంచాలి. పిల్లిని కట్టడి చేయడం దాని స్వభావానికి విరుద్ధమని బాధపడేవారున్నారు. ఆ బాధ అర్థమవుతుంది. అయినా ఒక ప్రాణిని మృత్యువు నుండి తప్పించినవారు అది కలిగించే మృత్యువులకు బాధ్యులు కామని అనలేరు. కూనను పెంచి వీధిలోకి వదలడం సగం దయ. ఆ మిగిలిన సగం పక్షుల పాలిట శాపమవుతుంది.

మనుషులకే ఇన్ని కష్టాలుండగా పిల్లులకు సేవ ఏల అన్న మూడవ ఆక్షేపణ తరచు వింటాము. ఆ అడిగేవారు మనుషులకు సేవ చేస్తూ అడిగితే ఆ మాటకు గౌరవముంటుంది. పసికూనకు రాత్రివేళ పాలు పట్టిన చేయి అన్నదానానికి ముందుకు రానిదై ఉంటుందని అనుకోవడానికి మాత్రం కారణం కనబడదు.

చెప్పవలసిన కఠినసత్యం ఇంకొకటి ఉంది. ఎంత శ్రద్ధ చూపినా కొన్ని కూనలు బ్రతకవు. సాయంకాలం పాలు తాగినది తెల్లవారేసరికి చల్లబడి ఉండవచ్చు. ఇళ్ళు చాలని రోజులలో ఏ కూనను చేర్చుకోగలమో, దేనికి నొప్పిలేని మరణమొక్కటే ఇవ్వగలమో నిర్ణయించవలసి వస్తుంది. ఆ నిర్ణయం చేసేవారిని క్రూరులని అనడం సులభం. వారి స్థానంలో నిలవడం సులభం కాదు. ఫలితం మన చేతిలో లేదన్న మాటను వారు ప్రతి ఋతువులోనూ నేర్చుకొంటారు. అయినా మరునాడు ఉదయం త్రాసు ముందు కూర్చుంటారు.

ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లలకు ఇట్టి పని చేయవలెనని కోరిక కలిగితే పెద్దలు ముందు ఒక సంగతి నేర్పాలి. పెరటిలో కూనలు కనబడిన వెంటనే ఎత్తుకొని రారాదు. తల్లి ఆహారానికి వెళ్ళి ఉండవచ్చు. అవి వెచ్చగా, నిమ్మళంగా ఉంటే కొన్ని గంటలు దూరం నుండి గమనించాలి. చల్లబడి ఉన్నా, గాయపడినా, ఆపదలో ఉన్నా సంరక్షణ కేంద్రానికి ఫోను చేసి, వారు చెప్పినట్లు చేయాలి. తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోవాలి: రాత్రి ఒంటిగంటకు ఎవరు లేస్తారు, నాలుగింటికి ఎవరు, అప్పగించే రోజున ఎవరు తోడు వెళతారు? ఈ మూడింటికీ సమాధానం దొరికిన ఇంట కూనకు చోటున్నట్లే.